డైరీలో రాసి బాపుకు చెప్పని మాట

గోడాదరాలో మా ఇల్లు పవర్ మీద కొన్నది. మా గల్లీలో చాలా ఇళ్లు అంతే. అమ్మేవాళ్లు నోటరీ దగ్గర పవర్ ఆఫ్ అటార్నీ రాసిచ్చి, తాళంచెవి చేతిలో పెట్టేవారు. రిజిస్ట్రీ తర్వాత చూసుకుందాం అనేవారు. బతుకుతెరువుకు గుజరాత్ వచ్చి పవర్‌లూమ్ మీద పనిచేసే మా బాపుకు ఆ స్టాంపు కాగితమే ఇల్లు. దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి బియ్యం డ్రమ్ము వెనక దాచాడు.

ఇల్లు అమ్మిన గుజరాతీ ముసలాయనను కాకా అనేవాళ్లం. ఏటా దీపావళికి మిఠాయి డబ్బాతో వచ్చేవాడు. గడప పక్కన గోడను అరచేత్తో తట్టి, "నాకంటే గట్టిగుంది" అని నవ్వేవాడు.

మొదటి లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగాయి, నా కాలేజీ ఆగింది. ఇంట్లో ఉన్న పుస్తకాలన్నీ అయిపోయాక, పాత పుస్తకాల బండి మీద ఎప్పుడో కొన్న చట్టాల గైడు తీశాను. అందులో ఒకచోట ఉంది: పవర్ ఇచ్చిన మనిషి చనిపోతే మామూలుగా ఆ పవర్ కూడా చెల్లదు. మళ్లీ చదివాను. బియ్యం డ్రమ్ము వైపు చూశాను. ఆ వాక్యాన్ని డైరీలోకి ఎత్తి, కింద "బాపుకు చెప్పాలి" అని రాసుకున్నాను.

చెప్పలేదు. ఇంట్లో నేను మాట్లాడేదే తక్కువ. నవ్వుతూ తిరిగే కాకా చావు సంగతి ఎలా ఎత్తాలో తెలియలేదు. రాసి పెడితే చెప్పినట్టే అనిపించేది నాకు.

ఆ చలికాలం ఆఫీసులు తెరిచాక కాకాయే ఫోన్ చేశాడు. బాపు స్పీకర్ పెట్టాడు.

"అరే భాయ్, సోమవారం రా, దస్తావేజు చేయించేద్దాం. పోగు తెగితే మగ్గం ఆపుతావు, ఈ కాగితాన్ని మాత్రం ఇన్నేళ్లు అట్లాగే వదిలేశావు!"

"మగ్గాలు ఇప్పుడిప్పుడే షురూ అయినయ్ కాకా. హోలీ ఎల్లినంక వస్త."

"అప్పటిదాకా నేనుండొద్దూ?"

"నువ్వేడికి పోతవ్? గుర్రం లెక్క ఉన్నవ్!"

ఇద్దరూ నవ్వుకున్నారు. రొట్టెల పిండి చేతులతో తలుపు దగ్గర నిలబడ్డాను.

"ఏందే, గట్ల నిలబడ్డవ్?" అంది అమ్మ.

"ఏం లేదు."

హోలీ వెళ్లింది. రెండో వేవ్‌లో కాకాను ఆసుపత్రిలో చేర్చారు. పది రోజులు కూడా ఉండలేదు. చివరి చూపుకు ఎవరినీ రానివ్వలేదు. బాపు ఆయన తట్టే చోటే గోడకు చెయ్యి ఆనించి ఏడ్చాడు. ఇంటి కోసం కాదు. అప్పటికి బాపుకు ఇల్లు గుర్తే లేదు. గుర్తున్నది నాకు.

వానలు మొదలయ్యాక కాకా కొడుకులు వచ్చారు. మర్యాదగానే మాట్లాడారు. రికార్డులో ఇల్లు ఇంకా తండ్రి పేరు మీదే ఉందనీ, తమకు కావాలనీ చెప్పారు. వకీలు మా కాగితం చదివి కోర్టుకు వెళ్లవచ్చన్నాడు, ఏళ్లు పడుతుందన్నాడు. "ఆయన ఉన్నప్పుడు ఒక్క పూట వెళ్లి రిజిస్ట్రీ చేయించుకోవాల్సింది" అన్నాడు.

బాపు కేసు వద్దన్నాడు. "కాకా కొడుకుల మీద నేను కోర్టుకు పోవాల్నా?"

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో నా తల నిమిరాడు. "మనకేం ఎరుక బిడ్డా. మనింట్ల ఒక్కరికన్న తెలిసుంటే గిట్ల అయ్యేదా?"

నేను మాస్కు ఇంకా పైకి లాక్కుని బయటికి చూశాను.

వడోద్ బస్తీలో అద్దె గది దొరికింది. సామాను ఎక్కించే రోజు వాన పడుతోంది. మగ్గం దారంతో మూటలు కడుతూ బాపు నా డైరీల దగ్గరికి వచ్చాడు. నాకు తెలుగు అక్షరాలు నేర్పింది ఆయనే, దారం చుట్టొచ్చే అట్ట గొట్టాలను చీల్చి, వాటి మీద. నేను రాసిందల్లా చదవగలడు.

పైనున్న డైరీ చేతిలోకి తీసుకున్నాడు. అది ఆ లాక్‌డౌన్ ఏడాదిది.

"ఇందుల ఏం రాస్తవ్ బిడ్డా?"

"కాలేజీవి, బాపూ."

తెరవలేదు. చుట్టూ చూశాడు. బియ్యం డ్రమ్ము వెనక నుంచి కవరు తీసి, ఇంటి కాగితాన్ని మడిచి అంగీ జేబులో పెట్టుకున్నాడు. ఖాళీ అయిన ఆ కవర్లో నా డైరీ పెట్టి, మూతి గట్టిగా కట్టి ఇచ్చాడు.

"తడుస్తది, పైలం" అన్నాడు.