మోసెల్ లోయలో పానీయాల వ్యాపారి

మా నాయిన తాళ్లెక్కి కల్లు గీస్తాడు. జర్మనీలో ఈ మాట నేను ఎవరికీ చెప్పలేదు. ఇల్మెనౌలో చదువుకోవడానికి వచ్చిన మొదటి వారంలో, ల్యాబ్‌లో ఎవరో మీ నాన్నగారు ఏం చేస్తారని అడిగితే "బెవరేజ్ బిజినెస్" అనేశాను. పూర్తి అబద్ధం కాదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. హానోవర్‌లో ఉద్యోగం వచ్చాక కూడా అదే పాట పాడాను.

పోయిన సెప్టెంబర్‌లో నాయిన నన్ను చూడటానికి వచ్చినప్పుడు ఆ అబద్ధం మెడకు చుట్టుకుంది. ఆఫీసులో నా పక్కన కూర్చునే అమ్మాయిది మోసెల్ లోయ. వాళ్లకు అక్కడ ద్రాక్షతోట ఉంది, వైన్ వాళ్లే చేస్తారు. "మీ నాన్నగారిదీ ఇదే లైను కదా, తీసుకురా. మా నాన్న ఎంత సంతోషిస్తాడో!" అంది. నేను సాకు వెతికేలోపే నాయిన సంచి సర్దేశాడు.

మోసెల్ నది ఎటు పోవాలో తేల్చుకోలేనట్టు కొండల చుట్టూ తిరుగుతుంటుంది. తోటలు ఆ కొండల మీదే, నిలువునా. కాలు పెడితే పలకరాళ్లు జారుతాయి. నేను గడ్డి పట్టుకుని పాకుతుంటే నాయిన చెప్పులేసుకుని ముందే ఎక్కిపోయాడు. ఆ అమ్మాయి వాళ్ల నాన్నకు డెబ్భై ఏళ్లుంటాయి. నడుముకు కత్తెర కట్టుకుని దిగొస్తున్నాడు. నాయిన ఆయన పాదాలనే చూస్తూ, "మడిమె ఆనకుండ ఎట్ల దిగుతుండో చూడు. మంచి పనోడు" అన్నాడు.

ఆ పెద్దాయన నన్ను మధ్యలో పెట్టి జర్మన్‌లో ప్రశ్నలు మొదలుపెట్టాడు. మీ నాన్నగారికి ఫ్యాక్టరీ ఉందా? ఎంతమంది పనివాళ్లు? నేను నాయిన వైపు తిరిగి, "చలి పెడుతుందా అని అడుగుతుండు" అన్నాను. "ఏం చలి? మంచిగనే ఉన్నది" అన్నాడు నాయిన. "చిన్న యూనిట్, ఇంటివాళ్లే చూసుకుంటారట" అని నేను జర్మన్‌లోకి దించాను. కొండ దిగేసరికి మా నాయినకు ఒక బాట్లింగ్ మెషీన్ కూడా కొనిచ్చేశాను.

కింద వాళ్లిల్లు. అద్దంలా మెరిసే చెక్క నేల. పెద్దాయన స్వయంగా వైన్ పోసి ఇచ్చాడు. నాయిన గ్లాసు అందుకుని, కళ్లు మూసుకుని, నాలుగు చుక్కలు నేల మీద వొంపాడు. మా ఊళ్లో అమ్మవారికి అలా సాక పోయనిదే ఎవరూ కల్లు నోట పెట్టరు. ఆ అమ్మాయి గుడ్డ తేవడానికి పరిగెత్తింది. పెద్దాయన నా వైపు చూశాడు. సాక గురించి చెబితే కల్లు గురించీ చెప్పాలి. అందుకని, "పెద్దవాడు కదా, చెయ్యి వణికింది" అన్నాను.

పాపం అనుకున్నారు వాళ్లు. ఆ అమ్మాయి కుర్చీ లాగింది. పెద్దాయన నాయిన చేతిలోంచి గ్లాసు మెల్లగా తీసేసుకుని, చంటిపిల్లాడికి పట్టినట్టు మంచినీళ్లు పట్టబోయాడు. నాయినకు ఏమీ అర్థం కాలేదు. "గిదేంది బిడ్డా, నేనేం తప్పు జేసిన?" అన్నాడు.

ఆ చెయ్యి నలభై ఏళ్లుగా తాటిచెట్టు కొసన కత్తి పట్టింది. ఒక్కరోజు తప్పలేదు. నేను చదువుకున్న ప్రతి అక్షరం ఆ చెయ్యి పెట్టిన భిక్ష. అది వణికిందన్నాను నేను! నా మీద నాకే అసహ్యం వేసింది. జర్మన్‌లో అంతా చెప్పేశాను. తాళ్లు, కల్లు, సాక, వణకని చెయ్యి, అన్నీ.

"మరి బెవరేజ్ బిజినెస్ అన్నావు?" అంది ఆ అమ్మాయి ఇంగ్లీషులో. బిజినెస్ అంటే నాయినకు తెలుసు. నా మొహంలోకి చూశాడు.

పెద్దాయన మాత్రం గ్లాసు మళ్లీ నాయిన చేతిలో పెట్టి, "అంత ఎత్తు ఎలా ఎక్కుతాడో అడుగు" అన్నాడు. ఈ ప్రశ్న నాయినకు ఉన్నదున్నట్టు చెప్పాను. నాయిన ఆ గ్లాసు ఖాళీ చేసి, పెరట్లోకి నడిచి, షెడ్డులో వేలాడుతున్న తాడు చూపించి కావాలన్నాడు. దాన్ని అక్రోటు చెట్టుకూ తన నడుముకూ కలిపి, తాటిచెట్టెక్కేటప్పుడు కట్టుకునే మోకులా చుట్టుకున్నాడు. వెనక్కి వాలి, నాలుగంటే నాలుగు ఊపుల్లో కొమ్మ అందుకున్నాడు. తండ్రీకూతుళ్లిద్దరూ చప్పట్లు కొట్టారు. నాకు కళ్లు మసకబారాయి. ఎంత అందంగా ఎక్కుతాడో మా నాయిన!

దిగొచ్చి, తాడు చుట్ట చుడుతూ, నవ్వుమొహంతోనే అడిగాడు. "నేనైతే ఎన్నడు సిగ్గుపడలే బిడ్డా. నీకెందుకు సిగ్గాయె?"

"ఏమంటున్నారు?" అని పెద్దాయన ఆత్రంగా నన్ను అడిగాడు.

ఒక్క మాట కూడా మార్చకుండా చెప్పాను.