రాజన్న కాక మోకాలు

నిన్న మా పాపకు ఇంజెక్షన్ వేసే ముందు నర్సు దాని చేతిని దూదితో తుడిచింది. ఆ స్పిరిట్ వాసన తగలగానే నాకు రాజన్న కాక మోకాలు గుర్తొచ్చింది. ముంబయి దగ్గరి భివండిలో, గైబీ నగర్‌లోని ఒక షెడ్డులో మరమగ్గాలు బాగుచేసే మేస్త్రీ ఆయన. వాటిని మా తెలంగాణవాళ్లు సాంచెలంటారు. కండెలు చుట్టుకునే నన్ను పిలిచి ఆ పని నేర్పింది ఆయనే. ఆడదాని చేతికి పానా ఇస్తావా అని నలుగురూ నవ్వితే, ఇంకో పానా కూడా తెచ్చిచ్చారు. మొదటి వారంలోనే నేనొక సాంచెను ఆపి, మొత్తం విప్పి, తప్పేమిటో తెలియక కూర్చున్నాను. కాక తిట్టలేదు. మళ్లీ అంతా నాచేతే బిగింపజేశారు.

"ఆపినంక అన్ని సాంచెలు మంచిగనే కనవడ్తయి బిడ్డా. నడ్వంగ చూడు. యాడ తప్పుతుందో అదే చెప్తది" అన్నారు.

తర్వాత కొన్నేళ్లకు కాక మోకాలి కీలు అరిగిపోతే డాక్టర్లు ఆపరేషన్ చేసి మార్చారు. ఆరు నెలలు హాయిగా తిరిగారు. ఒకరోజు ఉన్నట్టుండి మోకాలు వాచింది. డాక్టరు సూది పెట్టి లాగితే కీలులోంచి రక్తం వచ్చింది. వాపు తగ్గింది, ఇరవై రోజులకు మళ్లీ వచ్చింది. మూడోసారీ అంతే. పరీక్షల్లో చీము లేదు, రక్తంలో లోపమూ లేదు. ఇక మోకాలు మళ్లీ తెరిచి చూడాల్సిందేనేమో అన్నారు డాక్టరు. ఏ సేఠ్‌కూ తలవంచని మనిషి తలదించుకుని, "మళ్ల కోస్తే ఇగ నడుస్తనో లేదో" అని గొణిగారు.

నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. నాకు నేర్పిన మాట ఆయనే మరిచిపోతే ఎలా? రక్తం పారుతుండగానే ఎక్కడ కారుతోందో చూసే దారి లేదా అని, వచ్చీరాని హిందీలో నేనే అడిగాను. డాక్టరు కసురుకోలేదు. ఉందని చెప్పి, ఠాణేలోని పెద్ద ఆసుపత్రికి చీటీ రాశారు. అక్కడ తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నని గొట్టం పంపి, మందు ఎక్కించి తెర మీద చూశారు. కీలు పక్కన ఒకచోట ఉబ్బిన చిన్న నాళం దొరికింది, రక్తం కారేది దానినుంచే. సన్నని రవ్వల్లాంటి మందుతో దాన్ని మూసేశారు. తొడ దగ్గరే మత్తు ఇవ్వడంతో కాక అంతా మెలకువగా చూశారు. బయటికొచ్చాక, వైద్యం తానే చేసినంత గర్వంగా, "చూసినవా, పారంగనే దొరికింది" అన్నారు. నేను నవ్వుతూనే ఏడ్చేశాను.

ఆ మోకాలు మళ్లీ వాచలేదు. నెల తర్వాత ఆయన మెట్లెక్కి షెడ్డుకొచ్చారు. నేనప్పుడు మాటిమాటికీ దారం తెంపుతున్న ఒక సాంచెతో కుస్తీ పడుతున్నాను. ఆయన చెయ్యి వేస్తారని అందరూ పక్కకు జరిగారు. కాక రెండు నిమిషాలు నిలబడి, నా ముఖం చూసి, "నువ్వు జూడు బిడ్డా. నేను చాయ్ తాగొస్త" అన్నారు. గోడ పట్టుకోకుండా, ఎవరి చెయ్యీ అందుకోకుండా మెట్లు దిగారు. అందరూ ఆయన వెంట చూస్తుండగా నేను సాంచె వైపు తిరిగాను. ఆ షెడ్డుకు మేస్త్రీని ఈనాటికీ నేనే.