మూతకు పట్టిన చెమట

సెప్టెంబరులో, మధ్యాహ్నం రెండింటికి, వాషింగ్టన్ రాష్ట్రం తూర్పు భాగాన నన్ను లారీలోంచి దింపారు. వాషింగ్టన్ అనగానే మీకు వాన, పచ్చటి చెట్లు గుర్తొస్తాయి. అవన్నీ కొండలకు అవతల. ఇవతల వాన పడదు. మోకాలెత్తు బూడిదరంగు పొదలు. వాటి మధ్య పిండిలాంటి దుమ్ము. అడుగేస్తే బూటు మడమ దాకా దిగుతుంది. పగలు మాడు పగిలే ఎండ, పొద్దుగూకితే పళ్ళు టకటకలాడే చలి.

షికాగో పక్కన నేపర్‌విల్‌లో మా వీధి పిల్లలు "అంకుల్, ఆర్మీలో గన్ ఫైర్ చేశారా?" అని అడుగుతుంటారు. చేశాను. కానీ నా అసలు ఆయుధం గరిటె. అమెరికా సైన్యంలో వంట సార్జెంటుని. ఆ గరిటెతో ఎలుగుబంటిని తరిమాను కూడా. అది కుక్క అంటుంది మా ఆవిడ. ఆవిడ అక్కడ లేదు.

ఆ శిక్షణ మైదానానికి జపాన్ సైనికులు వచ్చి మావాళ్ళతో కలిసి విన్యాసాలు చేస్తారు. నాకిచ్చిన ఆర్డరు ఒక్క ముక్క. రెండు సైన్యాలకూ ఒకటే వంట డేరా. పొయ్యిలు మావి, బియ్యం వాళ్ళవి.

వాళ్ళ వంట సార్జెంటు నాకంటే పెద్దవాడు. పొట్టి, గట్టి మనిషి. మాట తక్కువ. మొదటిరోజే నేను బియ్యం రెండు నీళ్ళు కడిగి ఎసట్లో పోయబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. ఏదో అన్నాడు. మా దుబాసీ నవ్వింది. ఆమె కాలిఫోర్నియాలో స్థిరపడిన జపనీయుల ఇంటి అమ్మాయి.

"సార్జెంట్, మీరు బియ్యానికి మొహం కడిగారట. స్నానం చేయించలేదట."

"మా గోదావరి జిల్లాలో బియ్యాన్ని ఆయనలా కడిగితే అత్తగారు కోడల్ని పుట్టింటికి తోలేస్తుందని చెప్పు."

చెప్పింది. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. "ఆ అత్తగారు వండిన అన్నం ఎవరైనా తిన్నారా?" అని అడిగాడు. అప్పటి నుంచి మేం స్నేహితులం.

ఆ వారంలోనే వాళ్ళ నిఘా దళం ఒకటి ఉత్తరపు గట్టు మీదికి వెళ్ళింది. మర్నాడు మధ్యాహ్నం అందరూ తినేసి వెళ్ళాక చూశాను. డేరా మూల బల్ల మీద ఒక పళ్ళెం. అన్నం, వేయించిన చేప, ముల్లంగి ఊరగాయ, మూత పెట్టిన గిన్నెలో మిసో చారు, పులియబెట్టిన సోయా ముద్దతో కాచింది. ముందు కుర్చీ ఉంది. కుర్చీలో ఎవరూ లేరు. వంటాయన దాని ముందు తల వంచి, చేతులు జోడించి, నీళ్ళ ట్యాంకరు వైపు వెళ్ళిపోయాడు.

తెలుగువాణ్ణి కదా, నాకు వెంటనే అర్థమైపోయింది. తద్దినం. పాపం, ఎవరు పోయారో. ఈ ఎడారిలో కాకికి పెట్టే దిక్కు ఎవరున్నారు? సాటి వంటవాణ్ణి, ఆ మాత్రం సాయం చేయలేనా? పళ్ళెం ఎత్తి డేరా వెనక చదును నేల మీద పెట్టాను. చారు మూత తీశాను. దక్షిణం ఎటో కూడా చూసుకున్నాను. కావ్ కావ్ మని పిలిచాను. అమెరికా కాకి కదా, ఇంగ్లీషులో కూడా పిలిచాను. కోడిపుంజంత కాకి ఒకటి వచ్చి పొద మీద వాలింది.

అప్పుడే దుబాసీ వచ్చింది. "సార్జెంట్, ఏం చేస్తున్నారు?"

చెప్పాను. ఆమె మొహం పాలిపోయింది.

"అయ్యో, అది చనిపోయినవాళ్ళకి కాదు. బతికున్నవాళ్ళకి! కగెజెన్ అంటారు. దూరం వెళ్ళిన మనిషి క్షేమంగా రావాలని ఆ మనిషి వాటా ఇంట్లో రోజూ వడ్డించి పెడతారు. యుద్ధం రోజుల్లో జపాన్‌లో తల్లులు పెట్టేవాళ్ళు. మా తాతమ్మ కూడా పెట్టింది, ఈ అమెరికాలోనే, ముళ్ళకంచె వెనక. జపాన్ రక్తమని అమెరికా ఆమెని క్యాంపులో పెట్టింది. ఆమె కొడుకేమో అమెరికా సైన్యంలోనే ఉన్నాడు."

"మరి ఈ పళ్ళెం ఎవరిది?"

"ఆయన కూతురిది. గట్టు మీదికి వెళ్ళిన దళంలో రేడియో ఆమె చేతిలోనే ఉంది."

బతికున్న పిల్లకి పిండం పెట్టాను. వెనక్కి తిరిగితే ఆయనే. నేల మీది పళ్ళాన్ని చూస్తున్నాడు. పొద మీది కాకిని చూస్తున్నాడు.

"ఆయనకి చెప్పమ్మా," అన్నాను. "మా దేశంలో కాకి పోయినవాళ్ళ అన్నమే ముడుతుంది. పిలిచాను, బతిమాలాను, చేప చూపించాను. ముట్టలేదు. ఇది బతికున్న మనిషి అన్నమని దానికి తెలిసిపోయింది."

మన శాస్త్రం సరిగ్గా అలా చెప్పదు. ఆ పూటకి నేనే శాస్త్రం. కాకి ముట్టని మాట మాత్రం నిజం.

ఆయన పళ్ళెం ఎత్తాడు. అంచుకున్న దుమ్ము ఊదాడు. "మంచి కాకి," అన్నాడు.

ఆ సాయంత్రం ముల్లంగి తరుగుతూ వాళ్ళ నాయనమ్మ సంగతి చెప్పాడు. దుబాసీ పక్కనే కూర్చుని మాట మాటా అందించింది. నాయనమ్మ భర్త దక్షిణ సముద్రపు దీవుల్లో యుద్ధానికి వెళ్ళాడు. ఆవిడ రోజూ పళ్ళెం పెట్టేది. కాసేపాగి గిన్నె మూత తీసి చూసేది. మూత లోపల నీటి బొట్లుంటే మనిషి క్షేమం. పొడిగా ఉంటే భయం. ఒకనాడు తెల్లగుడ్డ చుట్టిన పెట్టె వచ్చింది, చనిపోయాడని. లోపల ఎముకలు లేవు. ఒక రాయి ఉంది. పోయినవాళ్ళ పళ్ళెం పూజగూటి ముందుకు మార్చాలి. ఆవిడ మార్చలేదు. "ఇన్నాళ్ళూ రాయికా నేను వండింది?" అందట. తను పోయేదాకా ఆయన పళ్ళెం భోజనాల దగ్గరే ఉంది. ఆయన రానేలేదు.

రెండు రోజుల తర్వాత, పదకొండున్నరకి, పడమటి గాలి లేచింది. దుమ్ము గోడలా నడిచొచ్చింది. డేరా తాళ్ళు ఈలలు వేశాయి. మా రేడియో అమ్మాయి తల లోపలికి పెట్టింది. అమెరికాలోనే, పిస్కాటవేలో పుట్టి పెరిగిన తెలుగుపిల్ల. అందరి ముందు సార్జెంట్ అంటుంది, లేకపోతే అంకుల్.

"అంకుల్, గట్టు మీద జాపనీస్ టీమ్ రిప్లై ఇవ్వట్లేదు. లాస్ట్ కాల్ ఎలెవెన్‌కి వచ్చింది."

"గాలికి యాంటెనా పడి ఉంటుందమ్మా."

"నార్త్ సైడ్ పొదలు కాలుతున్నాయి అంకుల్. వాళ్ళ పక్కనే."

వెంటనే కమాండరు ఆర్డరు వచ్చింది. పొయ్యిలన్నీ ఆర్పాలి. నిప్పురవ్వ కనబడకూడదు. ఆర్పాను.

పళ్ళెం అప్పటికే బల్ల మీద ఉంది. చారు పొద్దున కాచింది, చల్లారిపోయింది. వంటాయన గిన్నె వైపు చూడటంలేదు. మూత తీయటంలేదు. దుబాసీని తీసుకుని కబురు కోసం కమాండరు డేరాకి వెళ్ళాడు.

చల్లటి చారు మీద మూతకి బొట్టు పట్టదు. ఆ సంగతి వంటవాడికి ఒకరు చెప్పాలా? సైనికుల రేషన్ ప్యాకెట్లో ఒక వేడి సంచి ఉంటుంది. నీళ్ళు పోస్తే నిప్పు లేకుండానే బుసలు కొడుతుంది. ఆర్డరు పొయ్యిల గురించి, సంచుల గురించి కాదు. చారుని ఖాళీ రేషన్ కవర్లో పోశాను. దాన్ని వేడి సంచిలో దూర్చి నీళ్ళు పోశాను. పొగలు వచ్చాక తిరిగి గిన్నెలో వంచి, మూత పెట్టి, ఏమీ ఎరగనట్టు ఉల్లిపాయలు తరిగాను.

ఆయన వచ్చాడు. కబురేమీ లేదు. గిన్నె ముందు నిలబడ్డాడు. మూత తీసి వెల్లకిలా తిప్పాడు.

నిండా బొట్లు. ఒకటి జారి మణికట్టు మీద పడింది.

ఆయన ముక్కు ఎగబీల్చాడు. వేడి సంచికి తుప్పు వాసన ఉంటుంది. నేను డేరా కప్పు కుట్లు పరిశీలించాను. ఆయన మెల్లగా ఏదో అన్నాడు. దుబాసీ అంతకన్నా మెల్లగా చెప్పింది.

"వాళ్ళ నాయనమ్మ కూడా మూత తీసే ముందు చారు మళ్ళీ కాచేదట. ఇంట్లో అందరికీ తెలుసట. ఎవరూ అనేవాళ్ళు కాదట."

ఆయన మూత పెట్టేశాడు. నా వైపు చెయ్యి చాపాడు. "ఇంకో సంచి ఉందా?"

ఉంది. ఒకటి చల్లారగానే ఇంకోటి. ఇద్దరం ఆ చారుని కాస్తూనే ఉన్నాం. మూడు దాటాక రేడియో అమ్మాయి పరుగున వచ్చింది. చేతిలో సెట్టు గరగరమంది. అందులో జపనీస్‌లో ఒక ఆడగొంతు. దుబాసీ నోరు తెరిచేలోపే ఆయన కుర్చీలో కూలబడ్డాడు. దళమంతా ఎండిన కాలువ తూములో దాక్కుందట. మంట మీదుగా పోయిందట. యాంటెనా విరిగిందట.

"ఇంకేమంటోంది?" అన్నాను.

"ఆకలేస్తోందట."

సాయంత్రానికి ఆ పిల్ల వచ్చింది. మొహమంతా మసి. ఆ కుర్చీలోనే కూర్చుంది. చారు ఒక గుక్క తాగి తండ్రిని ఏదో అడిగింది. దుబాసీ పగలబడి నవ్వింది. "నాన్నా, ఇందులో మేకులు వేశావా?" అందట.

విన్యాసాలు ముగిశాక ఇంటికొచ్చాను. షికాగోలో ముసురు. మా ఆవిడకి ఈ కథలో కాకి మీద మాత్రమే అనుమానం. అది నిజం అంటే, ఎలుగుబంటి కూడా నిజమేగా అంటుంది.

ఇప్పటికీ వంటింట్లో ఏ గిన్నె మూత తీసినా చెయ్యి కాసేపు ఆగిపోతుంది. గాలి హోరు. డేరా నిండా మట్టిరంగు చీకటి. ఒక తండ్రి చేతిలో వెల్లకిలా మూత, దాని నిండా నీటి బొట్లు. ఆ నేల మీద ఆ నెలంతా నేను చూసిన వాన అదే.