ఊపిరి కలిపినవాళ్ళు

కాన్‌స్పిరసీ అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. కోపం మాట మీద కాదు, దానికి జనం ఇచ్చే మర్యాద మీద. టీవీలో వార్తలు చదివే పిల్ల ఆ మాట దగ్గరికి రాగానే గొంతు తగ్గించి కనుబొమలు ఎగరేస్తుంది. మా నెహ్రూ నగర్‌లో పొద్దున్నే వాకింగ్‌కొచ్చే పెద్దమనుషులకైతే పెట్రోలు రేటు పెరిగినా కాన్‌స్పిరసీయే, మనవడికి మార్కులు తగ్గినా కాన్‌స్పిరసీయే. అదేదో చీకటి గదుల్లో మహా మేధావులు నడిపే వ్యవహారమని వీళ్ళ ఊహ. నేను కళ్ళారా చూసిన కాన్‌స్పిరసీలో ట్యూబులైటు వెలుగుతోంది, పళ్ళెంలో వేడి సమోసాలున్నాయి.

నేను భిలాయిలో ఇంగ్లీషు చెప్పి రిటైరైనదాన్ని. ఈ మాటకి అర్థం అడిగితే పిల్లలు టక్కున హిందీలో సాజిష్ అనేవారు. తెలుగులో చెప్పండ్రా అంటే మన తెలుగు పిల్లలే తెల్లమొహాలు వేసేవారు. కుట్ర అని నేనే చెప్పుకోవాల్సి వచ్చేది. మా అమ్మయితే గూడుపుఠాణీ అనేది, నాకు ఇప్పటికీ అదే ఇష్టం. చట్టంలో ఈ మాటకో షరతుంది. ఒక్కడే కూచుని ఎంత చెడ్డ ఆలోచన చేసినా అది కాన్‌స్పిరసీ అనిపించుకోదు. కనీసం ఇద్దరుండాలి, ఇద్దరూ ఒప్పుకోవాలి.

దాని పుట్టుక లాటిన్‌లో. కాన్ అంటే కలిసి, స్పిరారే అంటే ఊపిరి తియ్యడం. కలిసి ఊపిరి తియ్యడమన్నమాట. తలకాయలు దగ్గర పెట్టి గుసగుసలాడుకునేవాళ్ళ ఊపిర్లు కలుస్తాయి కదా, అదీ సంగతి. అయితే మొదట్లో ఇదేమంత చెడ్డ మాట కాదు. ఒక మనసుతో ఉండటాన్నీ, గొంతులు కలిసి పలకడాన్నీ కూడా ఈ మాటతోనే చెప్పేవారట. హోలీ స్పిరిట్‌లో ఉన్నదీ ఆ ఊపిరే. క్లాసులో ఇది చెప్పినప్పుడల్లా పరిశుద్ధాత్మకీ కుట్రకీ చుట్టరికం ఏటని పిల్లలు నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. ఆ చుట్టరికం ఎంత దగ్గరిదో మా చర్చి సెక్రటరీ గారు చూపించేదాకా నాకు అర్థం కాలేదు.

మా చర్చి తెలుగువాళ్ళది. స్టీల్ ప్లాంట్‌లో పనికని శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్ళు కట్టుకున్నది. దాని వెనక గోడకి ఆనుకుని రేకుల కప్పుతో ఒక గది ఉంది. అందులో మా బైబిలమ్మ ఉంటుంది. బైబిలమ్మ అంటే చర్చి తరఫున ఇంటింటికీ తిరిగి ప్రార్థన చేసే మనిషి. జ్వరమొస్తే ఆవిడ వస్తుంది, పురుడొస్తే ఆవిడ వస్తుంది, ప్రాణం పోతుంటే పక్కన కూచుని పాట పాడేదీ ఆవిడే. భర్త జాముల్ సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేస్తూ పోయాడు. పిల్లల్లేరు. సొంతూళ్ళో మరిది కొడుకులున్నారు గానీ వాళ్ళ మొహం ఆవిడకీ, ఆవిడ మొహం వాళ్ళకీ తెలీదు. ఆ గది పోతే ఆవిడకి ఈ భూమ్మీద తల దాచుకునే చోటు లేదు.

సరిగ్గా ఆ గదే కావలసి వచ్చింది సెక్రటరీ గారికి. ప్లాంట్‌లో ఫోర్‌మన్‌గా చేసి రిటైరై, అజమాయిషీ చెయ్యడానికి మనుషులు కరువై, చర్చి మీద పడ్డాడు. ఆదివారం ఆరాధన యూట్యూబ్‌లో లైవ్ ఇవ్వాలట. దానికి ఏసీ పెట్టి, అద్దాలు బిగించి కంట్రోల్ రూమ్ కట్టాలట. చూసేవాళ్ళు ఎవరయ్యా అంటే, చర్చికి రాకుండా ఇంట్లో కాళ్ళు జాపుకుని కూచునేవాళ్ళు. వాళ్ళ కోసం చర్చిలోనే ఉన్న ముసలమ్మని రోడ్డు మీదకి నెట్టాలి. పైగా దాని పేరు సువార్త సేవ.

ఈ మాట కమిటీలో పెడితే నాలాంటి నోరున్నవాళ్ళు ఊరుకోరని ఆయనకి తెలుసు. అందుకని కమిటీలో పెట్టలేదు, ప్రార్థనలో పెట్టాడు.

ప్రార్థనలో పెట్టడమంటే ఏటో చెప్పాలి. మాకు బుధవారం సాయంత్రం ఒక్కో వారం ఒక్కో ఇంట్లో ప్రార్థన ఉంటుంది. అంశాలు చెప్పుకుంటారు, ఫలానావాళ్ళ ఆరోగ్యమనీ ఫలానా పిల్ల పెళ్ళనీ. తర్వాత అందరూ కళ్ళు మూసుకుంటారు, ఒకరి తర్వాత ఒకరు గట్టిగా ప్రార్థిస్తారు. ప్రార్థించేవాళ్ళు ఊపిరి తీసుకోడానికి ఆగిన చోటల్లా మిగతావాళ్ళు ఆమేన్ అంటారు. ఏం విన్నారని అడక్కండి. ప్లాంట్ సైరన్ మోగగానే కాళ్ళు గేటు వైపు నడిచినట్టు, ఎదుటివాళ్ళు ఆగగానే వీళ్ళ నోట్లోంచి ఆమేన్ వచ్చేస్తుంది. ఇక ఆమేన్ పడిన మాటకి తిరుగులేదు. దాన్ని కాదంటే దేవుణ్ణే కాదన్నట్టు.

మొదటి వారం సెక్రటరీ గారి భార్య బైబిలమ్మ మోకాళ్ళ కోసం ప్రార్థించింది. ఆమేన్. నేనూ అన్నాను, మోకాళ్ళ నొప్పి నిజమే కదా. తర్వాతి వారం ఈ దాసురాలికి విశ్రాంతి దయచెయ్యమంది. ఆ పై వారం ఊళ్ళో ఉన్న ఆమె బంధువుల హృదయాలు తెరవమంది. అప్పుడు నాకు చెవులు నిక్కపొడుచుకున్నాయి. ఆ తర్వాత సెక్రటరీ గారే అందుకుని, ప్రభువా, ఖాళీ అవబోయే ఆ స్థలాన్ని నీ సువార్త కోసం వాడుకో అని ముగించాడు. అందరూ ఆమేన్ అన్నారు. నేను కళ్ళు తెరిచి చూశాను. ఒక్క మొహంలోనూ దొంగతనం లేదు, అందరూ హాయిగా, భక్తిగా ఉన్నారు. సినిమాల్లో నకిలీ గడ్డాలు పెట్టుకుని కుట్రలు పన్నేవాళ్ళే నయం, తాము చేస్తున్నది కుట్రని వాళ్ళకైనా తెలుసు.

చాయ్ ఇచ్చేటప్పుడు సెక్రటరీ గారిని నిలదీశాను. గది సంగతి కమిటీలో ఎప్పుడు మాట్లాడారని అడిగాను. ఆయన సమోసా నములుతూ, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు.

"మాట్లాడలేదు సిస్టర్. ప్రార్థనలో పెట్టాం. దేవుడే దారి తెరుస్తున్నాడు."

దేవుడికి వేరే పని లేదు, ఈయన ఏసీకి కన్నం ఎక్కడ కొట్టాలో చూస్తూ కూచుంటాడు. ఈ మాట మొహం మీదే అన్నాను. ఫలితం ఏమయ్యిందంటే, మరుసటి బుధవారం వాళ్ళావిడ నా కోసం ప్రార్థించింది. మా టీచర్ సిస్టర్‌కి శాంత స్వభావం దయచెయ్యమని. నేను పక్కనే కూచుని ఉండగా నా కోపం మీద ఇంటిల్లిపాదీ ఆమేన్ కొట్టారు. ఒళ్ళు మండిపోయింది గానీ, ప్రార్థన మధ్యలో పోట్లాట ఎలా పెట్టుకుంటాను?

ఇక ఉండబట్టలేక బైబిలమ్మ దగ్గరికి వెళ్ళాను. గది ముందు కూచుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. నేను ఆయాసపడుతూ అంతా చెప్పాను. ఆవిడేమీ ఆశ్చర్యపోలేదు. సెక్రటరీ మనుషులు టేపు పట్టుకుని గోడలు కొలిచి వెళ్ళారట, వచ్చే ఆదివారం చర్చిలో శాలువా కప్పి సాగనంపుతారట, సుపేలా బజార్లో శాలువా కూడా కొనేశారట. మరిది కొడుకుల ఊరికి రైలు టికెట్టు మాట కూడా ఎవరో చెవిన వేశారు. కొత్త చోటుకి పోవడానికి భయంగా ఉందా అని అడిగాను. చేతిలో చిక్కుడుకాయ పక్కన పెట్టింది.

"బయం కాదమ్మా, సిగ్గు. ఈ వయసులో ముక్కూ మొకం తెలీనోళ్ళ గుమ్మంలో నిలబడి, నాను మీ పెద్దమ్మనని సెప్పుకోవాలి."

కమిటీలో గొడవ చేస్తానన్నాను, అయ్యగారికి, అంటే మా పాస్టరుకి, ఫిర్యాదు చేస్తానన్నాను. ఆ అయ్యగారు గోడమీద పిల్లి అని ఇద్దరికీ తెలుసు. ఆవిడ తల అడ్డంగా ఊపి, ప్రార్థనలో పెట్టినదాన్ని గొడవతో ఆపలేమంది. ఈ బుధవారం ఎవరింట్లో అని అడిగింది. సెక్రటరీ గారింట్లోనే అన్నాను. తనని కూడా తీసుకెళ్ళమంది.

ఆ సాయంత్రం ఆవిడని ఆటోలో ఎక్కించుకుని వెళ్ళాను. సెక్రటరీ దంపతులు గుమ్మంలోకి ఎదురొచ్చి చేతులు పట్టుకుని మరీ లోపలికి తీసుకెళ్ళారు. మెత్తటి సోఫాలో కూచోబెట్టారు. గాజు పలకల బీరువా మీద, ప్లాస్టిక్ కవర్లో, ఆ శాలువా కనిపిస్తూనే ఉంది. దాచాలన్న ఇంగితం కూడా లేదు వీళ్ళకి. పాటలయ్యాయి, ప్రార్థనలు మొదలయ్యాయి. మా వాడుక ప్రకారం చివరి ప్రార్థన అందరికన్నా పెద్దవాళ్ళు చెయ్యాలి. అయ్యగారు బైబిలమ్మని చెయ్యమన్నారు.

ఆవిడ నిదానంగా మొదలెట్టింది. ప్లాంట్‌లో పొగలోనూ సెగలోనూ పనిచేసే బిడ్డలని కాపాడుతున్నావు, స్తోత్రమంది. ఆమేన్. రాత్రి డ్యూటీలవాళ్ళని ఇల్లు చేరుస్తున్నావు. ఆమేన్. ఈ ఇంటి యజమానికి గుండె ఆపరేషన్ జరిగిన రోజున ఆస్పత్రి వరండాలో నా మొర విన్నావు. ఆమేన్, అని సెక్రటరీ గారి గొంతు అందరికన్నా పైన వినిపించింది. ఆవిడ వేగం పెంచింది. మాటా ఆమేనూ, మాటా ఆమేనూ, గదంతా ఒకటే లయలో ఊగుతోంది. కళ్ళు మూసుకుని అందరూ కలిసి ఊపిరి పీలుస్తున్నారు, కలిసి వదులుతున్నారు. నేనొక్కదాన్నే కళ్ళు తెరుచుకుని ఉన్నాను. అదే లయలో, గొంతు ఏమాత్రం మార్చకుండా, ఆవిడ అసలు మాట అంది.

"దిక్కులేని ఈ ముసల్దానికి నీ గుడెనకాల గది ఇచ్చావు. నా ఊపిరున్నంతవరకూ ఆ గది నాదేనని ఈ బిడ్డలందరి నోటా పలికిస్తున్నావు, స్తోత్రం."

"ఆమేన్," అన్నారు అందరూ. సెక్రటరీ గారు చెయ్యెత్తి మరీ అన్నాడు.

అన్న తర్వాత విన్నారు. ఒక్కొక్కరే కళ్ళు తెరిచారు. సెక్రటరీ గారి చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది, దించాలో ఉంచాలో తెలీక. వాళ్ళావిడ మొహంలో కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు. బైబిలమ్మ మాత్రం ఏమీ ఎరగనట్టు కొంగుతో మొహం తుడుచుకుంది. అందరం అయ్యగారి వంక చూశాం. ఆయన గొంతు సవరించుకుని, ఎటు దూకాలో కాసేపు ఆలోచించి, "అందరం ఆమేన్ అన్నాం కదా మరి," అన్నాడు. ఆ మనిషి జీవితంలో నేను చూసిన ధైర్యం అంతే, అది చాలు.

చాయ్ వచ్చింది. ఎవరూ ముట్టక సమోసాలు చల్లారిపోతున్నాయి. నాకు మాత్రం ఆకలి దంచేస్తోంది, రెండు తిన్నాను. బైబిలమ్మ చాయ్ తాగి, కప్పు కింద పెట్టి, ఆ బీరువా మీద శాలువా ఎవరి కోసమని అడిగింది. మీ కోసమే అని సెక్రటరీ గారి భార్య నీళ్ళు నమిలింది. "మరి ఇయ్యమ్మా," అంది ఆవిడ. ఇవ్వక చేసేదేముంది, కవర్‌తో సహా ఇచ్చింది.

కంట్రోల్ రూమ్ రాలేదు. అంత సువార్త భారమూ ఇప్పుడు ఒక మొబైల్ స్టాండు మోస్తోంది. సెక్రటరీ గారు మాత్రం ఇప్పటికీ కనిపించినవాళ్ళకల్లా ముసలిది కాన్‌స్పిరసీ చేసిందని చెప్పుకు తిరుగుతున్నాడు. మొన్న సుపేలాలో ఆటో కోసం నిలబడి ఉంటే నాతోనూ అన్నాడు. నేను ఇంగ్లీషు టీచర్నని మర్చిపోయినట్టున్నాడు. అది ఒక్కరి వల్ల అయ్యేది కాదు బాబూ, ఊపిరి కలపడానికి ఇంకా మనుషులు కావాలి, ఆవిడ ఒంటరిది, కలిపిందంతా మీరే అన్నాను. ఆయన ఆటో రాకముందే నడిచి వెళ్ళిపోయాడు.

ఈ చలికాలమంతా బైబిలమ్మ ఆ శాలువా కప్పుకునే చర్చికి వచ్చింది. సెక్రటరీ గారి ముందు వరసలో కూచుంటుంది.