ఆడ ఒంటె అరికాలు

దెజిద్ ఒంటె అరికాలి గాయంలో దిగిన ఇసుకను గోటితో తీస్తోంది. కాళ్లు కట్టి పక్కకు పడుకోబెట్టిన ఆ ముసలి ఆడ ఒంటె మెడను ఆమె మరిది జుందూయ్ మోకాలితో అదిమిపట్టాడు. ఎద్దుతోలు ముక్క వేసి కుట్టకపోతే అది రాళ్లనేల దాటకముందే కూలబడుతుంది.

"కదలకే మహాతల్లీ! నా వేలు కూడా కలిపి కుట్టించేట్టున్నావు" అన్నాడు జుందూయ్ ఒంటెతో.

"కుట్టేది నేను. నీ నోరు కూడా కుట్టెయ్యనా?" అంది దెజిద్.

గుడారం నీడలో పరదేశి దొర కూర్చుని చూస్తున్నాడు. అలషా ఎడారి ఇసుకతిన్నెలకు పటం గీయాలని ఆయన ఇంతకుముందు ఒకసారి వచ్చాడు. అప్పుడు దారి చూపడానికి దెజిద్ భర్త సాంబూను, ఈ ఒంటెను, దాని పిల్లను తీసుకెళ్లాడు. నమ్ముకున్న బావి ఇసుకలో పూడిపోయింది. నాలుకలు వాచి మాట పెగల్లేదట. చివరికి పిల్లను తల్లి ఎదుటే కోసి నెత్తురు తాగారు. సాంబూ అక్కడే పడిపోయాడు. దొర ఒంటె తోక పట్టుకుని బయటపడ్డాడు గానీ, ఇసుక కొట్టి కళ్లు కనపడక, సాంబూను ఏ తిన్నె దగ్గర వదిలి వచ్చాడో చెప్పలేకపోయాడు. "వదిలేటప్పటికి పెదవులు కదులుతున్నాయి" అన్నది ఒక్కటే ఆయన చెప్పగలిగిన మాట.

చనిపోయినవాళ్ల పేరు మావాళ్లు పలకరు. బతికున్న మనిషి పేరు పలకడం మానేస్తే, వాణ్ణి మన చేత్తో మనమే చంపినట్టు. ఈ రెంటి మధ్యా నలుగుతూనే దెజిద్ అతని పేరు పిలుస్తూ వచ్చింది. పొద్దువాలితే ఒంటె తిన్నెలవైపు తిరిగి, కన్నీళ్లు కారుస్తూ పిల్ల కోసం అరిచేది. అటునుంచి ఎవరో బదులు పలికినట్టు వినిపించి దెజిద్ బయటికి పరిగెత్తేది. ఇసుక ఒక్కటే కదిలేది.

తల్లి ఒంటె పిల్ల పడిన చోటు మరిచిపోదు; అతను పడిందీ అక్కడే. అయితే దాని వెంట వెళ్లడానికి సరిపడా నీళ్లు మోసే మంద ఆమెకు లేదు. ఇప్పుడు దొర మళ్లీ వచ్చాడు, నీళ్ల తిత్తులతో.

"వేరే ఒంటెను ఇవ్వమ్మా. నన్ను చూస్తే ఇది అరుస్తోంది" అన్నాడాయన.

"అరవదా మరి? మీరు తాగింది దాని బిడ్డ నెత్తురు" అన్నాడు జుందూయ్. తర్వాత గొంతు తగ్గించాడు. "వదినా, నేనూ వెళ్తున్నాగా. అక్కడ ఎముకలే ఉంటే?"

"నీలిగుడ్డ కప్పి రా. ఆ పేరు పలకడం మానేస్తాను."

"ఏమీ లేకపోతే?"

"పిలుస్తూనే ఉంటాను. నువ్వు మెడ గట్టిగా పట్టు."

వంపుసూదిని అరికాలి మెత్త అంచున కాయకాచిన చర్మంలోంచి దూర్చింది. లోతు ఎక్కువైతే మాంసం చిరుగుతుంది, తక్కువైతే తోలు ఇసుకలో ఊడిపోతుంది. ఒంటె మూలిగినప్పుడల్లా చెయ్యి ఆపి, మళ్లీ కుట్టింది. చివరి ముడి పళ్లతో బిగించి, కట్లు విప్పింది. ఒంటె లేచి ఆ కాలు నేలమీద మోపి, బరువు వేసింది. కుట్టు నిలిచింది.

దెజిద్ ముక్కుతాడు తీసుకుని దొర దగ్గరికి వెళ్లింది.

"లాగొద్దు దొరా. వెనకే నడవండి. అది ఎక్కడ ఆగితే అక్కడ ఆగండి."

దొర మా పద్ధతిలో, గౌరవంగా రెండు చేతులూ చాచి తాడు అందుకున్నాడు.