మనవరాలి లంగోటీలు

మా కోడలికి తల్లి లేదు, చిన్నప్పుడే పోయింది. అందుకని పుట్టింట్లో జరగాల్సిన తొలి పురుడు పెందుర్తిలో మా ఇంట్లో, నా నెత్తిన పడింది. నెత్తిన పడిందని ఇప్పుడంటున్నాను గానీ, ఆ రోజు జాలరిపేటలో వాళ్ళ వాళ్ళందరి ముందూ, కన్నతల్లిలా చూసుకుంటానని గొప్పగా చెప్పి మరీ తీసుకొచ్చాను.

మా గోదావరి వైపు బిడ్డ పుట్టకముందు ఒక్క గుడ్డ కూడా కుట్టరు. పుట్టాక కూడా పురుడు వెళ్ళేదాకా కొత్తది తొడగరు, పాత నూలు చీరలే చింపాలి. దాంతో పాప పుట్టిన మర్నాటి నుంచి కుట్టుమిషన్ ముందే నా బతుకు. చీర చింపడం, మూడు మూలలుగా కత్తిరించడం, మధ్యలో నాలుగు పొరలు వేసి నాడాలు కుట్టడం. పాప వాటిని తడపడం, నేను ఉతకడం, ఆరేయడం, చాలక మళ్ళీ కుట్టడం. నడుం పడిపోయేది. మోకాళ్ళ సంగతి చెప్పుకోకపోతేనే నయం. మా ఆయన స్టీల్‌ప్లాంటులో రిటైరయ్యాక పేపరు తప్ప ఇంకేదీ ఎత్తరు.

వారానికల్లా పాప తొడలు ఎర్రగా ఒరుసుకుపోయాయి. లంగోటీ కడితే చాలు, గుక్కపట్టి ఏడ్చేది. చూళ్ళేకపోయేదాన్ని. ఆ నీరసంలో నోరు కూడా నా అదుపులో ఉండేది కాదు. పాలు బాగా పడతాయని కోడలి మేనత్త సొరచేప వండి తెచ్చింది. ఆవిడ వెళ్ళగానే, "ఆ నీచు తిన్నావు, పాలల్లోంచి పిల్లకి వేడెక్కింది," అన్నాను. కోడలు కంచం పక్కన పెట్టేసింది. మళ్ళీ చేప ముట్టలేదు. పాపకి తగ్గనూ లేదు.

ఒక మధ్యాహ్నం మిషన్ మీదే కునుకు పట్టింది. లేచేసరికి మంచం మీద పాప ఒక్కతే ఉంది. పెరట్లో నీళ్ళ చప్పుడు. వెళ్ళి చూద్దును కదా, కుట్లు మానని బాలింత కుళాయి దగ్గర చన్నీళ్ళలో గొంతుక్కూచుని, నేను పొద్దున మడతపెట్టిన లంగోటీలే మళ్ళీ ఉతుకుతోంది.

"బుద్ధుందా నీకు? ఉతికినవి మళ్ళీ ఉతకడమేంటి?"

బెదిరిపోయి లేవబోయింది. బకెట్లో నీళ్ళు తెల్లగా, జిగటగా ఉన్నాయి. గంజి. ముప్ఫై ఏళ్ళుగా ఈ ఇంట్లో నూలు గుడ్డ ఏది ఉతికినా ఆఖరి బకెట్లో గంజి కలపడం నాకు అలవాటు. ఆయన చొక్కాలు, నా చీరలు, దిండు గలీబులు. చేతికి అట్టలా తగిలితేనే ఉతికినట్టు లెక్క నాకు. అదే చేత్తో పసిపిల్ల లంగోటీలకీ రోజూ పెట్టేశాను, ఒళ్ళు తెలియకుండా.

"ఎన్నాళ్ళయిందే ఇలా?"

"నాలుగు రోజులయిందత్తయ్యా. మీరు పడుకున్నప్పుడు సేత్తన్నాను. అన్నీ అవట్లేదు."

"నాతో ఒక్కమాట చెప్పలేకపోయావా?"

తలొంచుకుంది. "ఓపిక లేకపోయినా కుడతన్నారు. ఏటని సెప్పమంటారు?"

చేతులు పట్టుకుని లేవదీశాను. మంచులా ఉన్నాయి, వేళ్ళు నాని ముడతలు పడ్డాయి. లోపల పాప లేచి ఏడుస్తోంది. తనని పంపేసి, ఆ తడి గుడ్డల మధ్య అక్కడే కూలబడ్డాను. సిగ్గేసింది. నా నోటికి భయపడి ఆ పిల్ల కన్నబిడ్డ ఏడుపు నాలుగు రోజులు ఓర్చుకుంది.