గురక ఆగిన మధ్యాహ్నం

“కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంట! ఆరేండ్ల పోరి గొంతుల కత్తి పెట్టిస్తవానే?” అన్నాను నేను.

“అది కొండనాలుక కాదు అత్తమ్మా. గొంతుల రెండు దిక్కుల టాన్సిల్స్ వాచినయ్, ముక్కెనక కండ పెరిగింది. పండుకుంటే పిల్లకు ఊపిరాడుతలేదు,” అంది నా కోడలు సునీత.

“ఊపిరాడకుంటే గంత గురక ఎట్లొస్తది? మీ మామ జిందగంత గురక పెట్టిండు. ఏమైంది?”

“మామ ముచ్చట నాకెందుకు? నువ్వు జర దాని జుట్టు గుంజుడు బందు పెట్టు. నడినెత్తి బోడైతుంది!”

తెల్లవారితే నా మనవరాలు హారికకు పట్నం దవాఖానలో ఆపరేషన్.

జుట్టు లాగడం నేను మా అమ్మ దగ్గర నేర్చుకున్నది. పిల్లల గొంతు పట్టేస్తే కొండనాలుక జారిందనేవాళ్లు. నడినెత్తిన చిటికెడు వెంట్రుకలు పట్టి, టక్కుమని పైకి గుంజితే అది మళ్లీ పైకెక్కుతుందని నమ్మకం. మా చెల్లెలు సత్తెమ్మకు ఎన్నిసార్లు గుంజారో లెక్కలేదు. ఎప్పుడూ నోరు తెరుచుకునే ఉండేది. తంగేడు, గునుగు పూల పచ్చి వాసన ఇల్లంతా నిండిన సద్దుల బతుకమ్మ నాడు, మేమంతా చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే, అది రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్ద నోట్లో పెట్టుకుని మింగకముందే గోడకు ఒరిగి నిద్రపోయేది. చేను కాడ పిట్టల్ని కొట్టమంటే మంచె మీదే కునుకు తీసేది. నిద్రమొద్దు అని మేమే పేరు పెట్టాం. బడిలోనూ నిద్రపోతోందని రెండో తరగతిలోనే మాన్పించారు. నేను మూడు దాకా చదివాను. పెద్దయ్యాక కూడా దాని కళ్లకింద నలుపు పోలేదు.

నేనూ కోడలూ గొడవపడ్డ ఆ మధ్యాహ్నమే హారిక అన్నం ముందే తూలిపోయింది. మెతుకు వదిలితే ఊరుకోని దాన్ని, తిట్టబోయాను. కోడలు పిల్లను నా పక్కన చాప మీద పడుకోబెట్టి, “గురక ఇనకు అత్తమ్మా. గురక ఆగినప్పుడు సూడు,” అని లోపలికి పోయింది.

నేను చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతున్నాను. గురక సాగుతోంది, సాగుతోంది, ఆగింది. హమ్మయ్య, ఇక హాయిగా పడుకుంటుందిలే అనుకున్నాను. అలవాటు కొద్దీ చేట వైపే తిరగబోయి, కోడలి మాట గుర్తొచ్చి చూశాను. పిల్ల రొమ్ము లోపలికి గుంట పడుతోంది. పొట్ట ఎగురుతోంది. ముక్కు దగ్గర వేలు పెడితే గాలి లేదు. అంతలో పిల్ల ఒక్కసారి ఉలిక్కిపడి, మెడ వెనక్కి వాల్చి, గుటుక్కుమని గాలి మింగి మళ్లీ గురక అందుకుంది. ఇన్నాళ్లూ ఆ నిశ్శబ్దాన్నే నేను మంచి నిద్ర అనుకున్నాను. సత్తెమ్మ పక్కన పడుకున్న చిన్నతనంలోనూ అలాగే అనుకున్నాను.

ఇప్పుడు హారిక పదో తరగతి. ఆపరేషన్ తర్వాత వారం రోజులు మింగలేక ఏడ్చింది. చల్లనివి పెట్టమన్నారని, జన్మలో కొనని ఐస్‌క్రీం నేనే కొనుక్కొచ్చాను. ఆ తర్వాత పక్క తడపడం మానింది, అన్నం మారు అడిగింది, బడి నుంచి నిద్రపోతోందన్న ఫిర్యాదులు ఆగాయి. ఇప్పుడు కబడ్డీ ఆడి మోకాళ్లు గీరుకుని వస్తే తిడతాను గానీ, లోపల సంతోషమే. ఆపరేషన్ చేసిన డాక్టరమ్మకు దండం. నా నోటికి భయపడని కోడలికి ఇంకో దండం. ఆమె ముందు ఒప్పుకోను, ఇక్కడ రాస్తున్నాను. సత్తెమ్మ లేదు. అది కునుకు తీసిన చేనంతా ప్లాట్ల రాళ్లు పాతారు. దానికి ఊపిరి ఆడడం లేదని చెప్పేవాళ్లు ఆ రోజుల్లో మాకెవరూ లేరు.

ఆపరేషన్ నాడు పొద్దున హారికకు నీళ్లు కూడా పట్టొద్దన్నారు. నేనూ చాయ్ తాగలేదు. ఆటోలో తుర్కయాంజాల్ దాటేదాకా పిల్ల నా ఒళ్లోనే నిద్రపోయింది. దవాఖానలో కోడలు కాగితం మీద సంతకం పెట్టింది. ఆపరేషన్ గది తలుపు దగ్గర నర్సు చేతులు చాపింది. పిల్లను నేనే అందించాను.